ఆకు వండిన అన్నము

మనము తినెడి అన్నము పొలమునుండి వచ్చినదని చిన్న పిల్లవాడును చెప్పగలడు. అయితే పొలములోని గింజకు ఆ పదార్థము ఎచ్చటనుండి వచ్చినది? ఈ ప్రశ్న వేసినచో చాలమంది "మట్టిలోనుండి" అని తడుముకొనక బదులు చెప్పుదురు. వేరు మట్టిలో నున్నది. ఎరువు మట్టిలో వేయుచున్నాము. నీరు మట్టికే కట్టుచున్నాము. కావున పైరు మట్టిని తిని పెరుగుచున్నదనుకొనుట సహజమే. కాని అది నిజము కాదు. బస్తాలోని బియ్యపు బరువులో మట్టి యిచ్చిన పాలు మిక్కిలి స్వల్పము. తక్కినదంతయు గాలినుండియు, నీటినుండియు వచ్చినది. ఆ రెండింటిని కలిపి వండినది ఆకు. వంటకు నిప్పుగా నిలిచినది ఎండ. ఈ వంట యెట్లు జరుగుచున్నదో, దానిని తెలిసికొనుట వలన రైతునకును, గృహిణికిని కలుగు ప్రయోజనమేమో శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

పైరు మట్టిని తినుట లేదని చూపుటకు పరిశోధనాలయము అక్కరలేదు. కట్టెల పొయ్యి గల యింట ఉదయమున ఒక మోపు కట్టెలు కాల్చినచో సాయంకాలమునకు మిగులునది దోసెడు బూడిద. నూరు పాళ్ళ ఎండుకట్టెలో సామాన్యముగా ఒకటి రెండు పాళ్ళకు మించి బూడిద ఉండదు. వేరు మట్టినుండి పీల్చి చెట్టునకిచ్చిన ఖనిజములు ఆ బూడిదలోనే ఉన్నవి. మట్టి యిచ్చిన మరియొక వస్తువు నత్రజని. అది కొద్దిపాటిది, పొగతో పోవును. మిగిలిన పదార్థమంతయు ఏమైనది? వాయువై, ఆవిరియై, తాను వచ్చిన గాలిలోనికే తిరిగి పోయినది. వరిపొట్టును కాల్చినచో బూడిద ఎక్కువగా, నూటికి ఇరువది పాళ్ళ వరకు మిగులును. వరి మొక్క మట్టినుండి సిలికా అను ఇసుకజాతి పదార్థమును విశేషముగా గ్రహించి గింజకు కవచముగా చేర్చుటయే దీనికి కారణము. కాని పొట్టును, తవుడును పోగా మిగిలిన తెల్లని బియ్యములో ఖనిజముల పాలు నూటికి ఒకటి కన్నను తక్కువ.

ఈ సంగతిని మొదట తూచి చూచినవాడు బ్రస్సెల్సు ప్రాంతమున నివసించిన వాన్ హెల్మాంట్ అను వైద్యుడు. ఆయన ఒక పెద్ద తొట్టిలో 200 పౌండ్ల ఎండబెట్టిన మట్టిని పోసి, అందు 5 పౌండ్ల బరువు గల విల్లో మొక్కను నాటెను. ఐదు సంవత్సరములు వాననీరు తప్ప మరేమియు పోయలేదు. పిదప చెట్టును పెరికి తూచగా 169 పౌండ్ల పైచిలుకు ఉండెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు రెండు ఔన్సులు మాత్రమే. చెట్టు కేవలము నీటినుండియే పుట్టినదని ఆయన తీర్మానించెను. ఈ వృత్తాంతము ఆయన మరణానంతరము 1648లో అచ్చుపడినది. ఆ తీర్మానము సగము సత్యము. విచిత్రమేమనగా, "గ్యాస్" అను మాటను లోకమునకిచ్చినవాడు ఈ వాన్ హెల్మాంటే. బొగ్గు మండినపుడు ఒక వాయువు పుట్టునని ఆయనకు తెలియును. ఆ వాయువే తన విల్లో చెట్టునకు ఆహారమైనదన్న ఊహ మాత్రము ఆయనకు తట్టలేదు.

ఆ మిగిలిన సగము తెలియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. 1771లో ఇంగ్లండునందు జోసెఫ్ ప్రీస్ట్లీ మూసిన గాజుపాత్రలో కొవ్వువత్తిని వెలిగించగా కొంతసేపటికి అది ఆరిపోయెను. ఆ చెడిన గాలిలో ఒక పుదీనా రెమ్మ నుంచి, కొన్ని దినముల తరువాత మరల వత్తిని వెలిగింపగా అది చక్కగా వెలిగెను. మొక్క గాలిని బాగుచేసినదని తేలెను. అది వెలుతురులో మాత్రమే, అందును మొక్కలోని పచ్చని భాగములందు మాత్రమే జరుగునని 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ప్రకటించెను. ఈ పనికి బొగ్గుపులుసు వాయువు అవసరమని జెనీవా నగరమునందు సెనెబియే చూపెను. 1804లో ఆ నగరమువాడే యైన ద సోస్యూర్ త్రాసు చేతబట్టి, మొక్క బరువు పెరుగుటకు ఆ వాయువుతో పాటు నీరును కారణమని నిరూపించెను. నీరు, బొగ్గుపులుసు వాయువు, వెలుగు, పచ్చదనము: ఈ నాలుగును అప్పటికి దొరకినవి. వీని కలయికనే మనము కిరణజన్య సంయోగక్రియ యని పిలుచుచున్నాము.

ఈ వంట జరుగు వంటయిల్లు ఎంత చిన్నదో తెలిసికొనుటకు ఆకు లోపలికి పోవలెను. 1665లో లండనునందు రాబర్ట్ హుక్ సీసాల బిరడాలకు వాడు బెండును పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద చూడగా తేనెపట్టు వంటి గదులు కనబడెను. చిన్న గది యను అర్థము గల "సెల్" అను పేరును ఆయన వానికి పెట్టెను. మనము జీవకణమనునది దీనినే. హుక్ చూచినవి ప్రాణము పోయిన కణముల గోడలు. సజీవములైన మొక్కలన్నియు కణములతోనే నిర్మింపబడినవని 1838లో ష్లైడెనును, జంతువులును అట్టివేయని 1839లో ష్వానును జర్మనీలో ప్రకటించిరి.

మన వంటింటిలో ఉల్లిపాయను తరుగునపుడు పొరల నడుమనుండి గాజు వంటి పలుచని తొక్క ఊడివచ్చును. పాఠశాలలోని సూక్ష్మదర్శిని క్రింద దానిని చూచినచో ఇటుకలు పేర్చిన గోడ వలె బారుగా కణములు కనబడును. కొంచెము రంగు వేసినచో ప్రతి కణములోను ఒక చుక్క తేటపడును. అది కణమునకు కేంద్రకము. తరతరములనుండి వచ్చు ఆజ్ఞలు అందు భద్రముగా నున్నవి. ఏ పదార్థమును ఎపుడు తయారు చేయవలెనో ఆ ఆజ్ఞలే చెప్పుచుండును. అయితే ఉల్లితొక్కలోని కణములలో పచ్చదనము కానరాదు. ఉల్లిగడ్డ భూమిలో నుండి, ఆకు పంపిన ఆహారమును దాచుకొను కొట్టుగది. అది స్వయముగా వండదు. పైన నిలిచిన ఉల్లికాడ వండును. ఒకే మొక్కలో వండు కణములు వేరు, దాచు కణములు వేరు అనుటకు ఇంతకన్న సులభమైన నిదర్శనము లేదు.

మొక్క కణమునకు వెలుపల గట్టి గోడ ఉన్నది. అది సెల్యులోజు అను పదార్థముతో ఏర్పడినది. మనము కట్టుకొను నూలుబట్ట దాదాపుగా ఆ పదార్థమే. ప్రత్తిగింజపై పెరిగిన కణముల గోడలనే వడికి, నేసి ధరించుచున్నాము. గోడకు లోపల అతి పలుచని పొర ఉన్నది. నీటిని సులభముగా పోనిచ్చి, తక్కిన వానిని ఆచితూచి రానిచ్చుట దాని పని. వేసవిలో మాగాయ కొరకు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మరునాటికి ముక్కలు ఊటలో తేలుచుండును. ఆ ఊట జాడీలో మనము పోసినది కాదు. వెలుపలి ఉప్పదనము లక్షలాది కణములలోని నీటిని ఆ పొరగుండ బయటికి లాగినది. అందుచేతనే ముక్క మెత్తబడి, ముడుచుకొనుచున్నది. చౌడు నేలలో తడి ఉన్నను పైరు వాడుటకు ఒక కారణము ఇదియే. నేలలోని ఉప్పు వేరు కణములకు నీరు అందనీయదు.

ఎదిగిన మొక్క కణములో నడుమ విశాలమైన నీటితిత్తి యొకటి ఉండును. అది నిండుగా నున్నపుడు కణము గాలి నింపిన చక్రము వలె బిగిసియుండును. తోటకూర కట్ట మధ్యాహ్నమునకు వడలి, నీరు చల్లగా మరల నిలుచుటకు ఈ తిత్తులు నిండుటయే కారణము. ఇవి గాక, ఆహారమును మెల్లగా దహించి శక్తిని విడుదల చేయు మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు కణమున ఉన్నవి. మన దేహకణములలోను ఇవి ఉన్నవి. కాని మన కణములలో లేనివియు, ఆకు కణములలో మాత్రము కనబడునవియు హరితరేణువులు. ఒక్కొక్క ఆకు కణములో ఇవి పదుల సంఖ్యలో, ఒక్కొక్కచో నూటికి పైగా ఉండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో రెండు వందలవ వంతు పొడవుండును. లోకమునకు అన్నము వండు పాత్ర ఇదియే.

హరితరేణువు లోపల పలుచని పొరలతో నేర్పడిన బిళ్ళలు, పొయ్యి ప్రక్కన పేర్చిన అట్ల వలె, దొంతరలు దొంతరలుగా నున్నవి. ఆ పొరలయందు పత్రహరితమను వర్ణద్రవ్యము పొదిగియున్నది. సూర్యకాంతిలోని ఎరుపు, నీలము రంగులను అది ఎక్కువగా గ్రహించును. ఆకుపచ్చ రంగును తక్కువగా గ్రహించి కొంత తిప్పి పంపును. ఆ తిరిగివచ్చిన రంగే మన కంటికి పచ్చదనము. ఈ రేణువులకు తమ స్వంత వారసత్వ పదార్థము కొంత కలదు. ఎన్నో కోట్ల సంవత్సరముల క్రిందట స్వతంత్రముగా జీవించిన ఒక సూక్ష్మజీవి మరియొక కణములో ప్రవేశించి, అచ్చటనే స్థిరపడి, క్రమముగా హరితరేణువుగా మారినదని శాస్త్రజ్ఞులు నేడు అంగీకరించుచున్నారు. 1967లో అమెరికాయందు లిన్ మార్గులిస్ ఈ వాదమును గట్టిగా నిలబెట్టిన తరువాత దీనికి అనేక నిదర్శనములు దొరకినవి.

ఇక వంట జరుగు తీరు చూతము. ఇందు రెండు అంతస్తులున్నవి. మొదటిదానికి వెలుగు కావలెను. పత్రహరితము గ్రహించిన కాంతిశక్తి నీటిని విడదీయును. అందుండి ప్రాణవాయువు బయటికి పోవును. మనము పీల్చు ప్రాణవాయువు బొగ్గుపులుసు వాయువునుండి గాక నీటినుండి వచ్చినదని 1941లో రూబెన్, కామెన్ అను అమెరికా శాస్త్రజ్ఞులును, వారి సహచరులును గుర్తుపట్టదగిన బరువైన ప్రాణవాయువును ఉపయోగించి తేల్చిరి. నీటినుండి లభించిన ఉదజని తరువాతి పనికి మిగులును. అట్లే కాంతిశక్తి ఏ.టి.పి. అను పదార్థముగా మారి నిలువయగును. జీవకణములన్నింటికిని ఇది చేతిలోని చిల్లర డబ్బు వంటిది. ఏ పనికైనను దీనినే ఖర్చు పెట్టవలెను.

ఈ ఏ.టి.పి. పేరు చెప్పినపుడు ఒక తెలుగువాని పేరు చెప్పక తీరదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధించుచు, 1929లో ఈ పదార్థమును కండరములనుండి వేరుచేసి ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దీనిని కనుగొనెను. కండరములలో దొరకిన ఈ పదార్థమునే ఆకులోని హరితరేణువు వెలుగు సహాయముతో తయారు చేయుచున్నదని 1954లో కాలిఫోర్నియాయందు డేనియల్ ఆర్నన్‌ బృందము చూపెను. నాగలి పట్టు రైతు చేతికిని, నాగలి వెనుక మొలచు పైరునకును కణములలో చెల్లు నాణెము ఒక్కటే యన్నమాట.

రెండవ అంతస్తులో బొగ్గుపులుసు వాయువు ప్రవేశించును. మొదట కూడబెట్టిన ఏ.టి.పి.ని, ఉదజనిని ఖర్చు పెట్టి హరితరేణువు ఆ వాయువును చక్కెరగా మలచును. ఈ దారిలోని మెట్లను మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్సు బాషం మొదలగువారు బెర్క్‌లీ విశ్వవిద్యాలయమున రేడియోధార్మిక కర్బనము సహాయముతో ఒక్కొక్కటిగా గుర్తించిరి. ఈ కృషికి 1961లో కాల్వినునకు నోబెల్ బహుమతి లభించినది. తయారైన చక్కెరలో కొంత పగటివేళ ఆకులోనే పిండిగా నిలువయగును. రాత్రివేళ ఆ పిండి కరగి, మరల చక్కెరయై, ఈనెలగుండ వేరునకును, కొమ్మకును, గింజకును చేరును. గింజలో మరల పిండిగా గట్టిపడిన చక్కెరయే మన బియ్యము.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్ళలో సుమారు నాలుగు పాళ్ళు మాత్రమే ఉన్నది. అంత పలుచని దానిని పట్టుటకు ఆకు తన తలుపులు తీసి ఉంచవలెను. ఆకు అడుగు భాగమున విశేషముగా నుండు పత్రరంధ్రములే ఆ తలుపులు. రెండేసి కణములు పెదవుల వలె నిలిచి వానిని మూయుచు, తెరచుచు నుండును. తలుపు తీసినచో వాయువు లోపలికి వచ్చును. కాని లోపలి తేమ బయటికి పోవును. ఒక్క పాలు వాయువును సంపాదించుటకు వరి వంటి మొక్క వందల కొలది పాళ్ళ నీటిని ఆవిరిగా వదలుకొనుచున్నది. నీటియెద్దడి వచ్చినపుడు మొక్క తలుపులు మూసికొనును. అప్పుడు నీరు మిగులును గాని వంట ఆగిపోవును. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు మాత్రము వాయువును ముందుగా ఒకచోట కూడగట్టి పిమ్మట వాడుకొను ఏర్పాటు కలవి. అందుచేత అవి తక్కువ నీటితో ఎక్కువ పదార్థమును తయారు చేయగలవు. ఈ ఏర్పాటును 1966లో ఆస్ట్రేలియాయందు హ్యాచ్, స్లాక్ అనువారు వివరించిరి. తెలంగాణము, రాయలసీమల మెట్టచేలలో జొన్న నిలిచి పండుటకు ఇదియొక ముఖ్య కారణము.

ఇచ్చట ఇండ్లలో తరచుగా వినబడు ఒక సందేహమును తీర్చవలసియున్నది. రాత్రివేళ చెట్లు చెడుగాలిని వదలునని, పడకగదిలో కుండీ మొక్క నుంచరాదని కొందరు భయపడుదురు. మొక్క కణములును మన కణముల వలె రేయింబవళ్ళు శ్వాసించుచుండును. శ్వాసించునపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. పగలు ఆకు వదలుదానికన్న గ్రహించునది చాల ఎక్కువ గనుక ఆ శ్వాస మనకు తెలియదు. రాత్రి వంట ఆగును గనుక శ్వాస మాత్రమే మిగులును. అంతవరకు మాట నిజమే. కాని ఒక కుండీ మొక్క రాత్రియంతయు వదలు వాయువు, ఆ గదిలో నిద్రించు మనుష్యుడొకడు వదలుదానితో పోల్చినచో లెక్కకు రాదు. మొక్కను చూచి భయపడుటకన్న కిటికీ తెరచుట మేలు.

ఆకు పని చేయుటను కంటితో చూడదలచిన పిల్లలకు సులభమైన పరీక్ష యొకటి చెప్పెదము. చెరువులలోను, కాలువలలోను నీటిలో మునిగి పెరుగు హైడ్రిల్లా అను మొక్క రెమ్మను తెచ్చి, కోసిన కొన పైకి ఉండునట్లు గాజుగ్లాసులోని నీటిలో ముంచవలెను. రెమ్మ తేలిపోకుండ చిన్న రాతిని కట్టవచ్చును. నీటిలో చిటికెడు వంటసోడా కలిపినచో మొక్కకు కావలసిన వాయువు లభించును. గ్లాసును ఎండలో నుంచి కొంతసేపు ఆగినచో కోసిన కొననుండి బుడగలు వరుసగా పైకి లేచుచుండును. నిమిషమునకు ఎన్ని బుడగలో లెక్కించి, గ్లాసును నీడలోనికి మార్చి, కొంత ఆగి మరల లెక్కింపవలెను. రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన వ్రాసినచో వెలుగు తగ్గినపుడు వంట యెంత తగ్గినదో తేలిపోవును. ఆ బుడగలలో నున్నది విశేషముగా ప్రాణవాయువు.

ఇక పొలమునకు వత్తము. వరి వెన్ను పైకి వచ్చి పూత పూసిన పిదప గింజ పాలుపోసికొని గట్టిపడుటకు సుమారు నెలదినములు పట్టును. గింజలో చేరు పిండిలో అధిక భాగము ఆ నెలలో వండిన క్రొత్త వంటయే. అంతకు పూర్వము కాండములో దాచినది కొంత తోడగును. ఆ నెలలో వండునవి పైన నిలిచిన రెండు మూడు ఆకులు. వానిలో చివరిది, వెన్నునకు ఆనుకొని నిలుచునది, పోటాకు. దాని తరువాత ఆ పిలకకు మరి ఆకు లేదు. పోటాకు ఎండినను, తెగులుపడినను, నీడలో పడినను గింజలు నిండక తాలుగా మిగులును. గోదావరి, కృష్ణా మండలములలో సార్వా పంటకన్న దాళ్వా పంట దిగుబడి సామాన్యముగా ఎక్కువగా నుండుట రైతులెరిగినదే. తెగుళ్ళు, వరదలు మొదలగు కారణములు కొన్ని ఉన్నను, మబ్బులు తక్కువై ఎండ నిండుగా కాయుట అందు ముఖ్యమైనది. ఎండ ఎక్కువైన కొలది వంట ఎక్కువ; వంట ఎక్కువైన కొలది గింజ బరువు.

ఆకుముడుత పురుగు గింజను తాకదు. ఆకు అంచులను దారములతో కలిపి గొట్టముగా ముడిచి, లోపల కూర్చుండి, పచ్చని భాగమును గోకి తినును. గోకినచోట తెల్లని చారలు మిగులును. ఆ తెలుపు హరితరేణువులు పోయిన చోటు. గింజ ముట్టని పురుగు గింజను దొంగిలించు విధమిది. అయితే ఈ విషయమున కాలమును గమనింపవలెను. నాటిన తొలి వారములలో ఆకు కొంత చెడినను పైరు క్రొత్త ఆకులు, క్రొత్త పిలకలు తొడిగి ఆ నష్టమును చాలవరకు పూడ్చుకొనగలదు. అప్పుడు కనబడిన నాలుగు తెల్లచారలకు బెదరి మందు చల్లుట ధనవ్యయము. పైగా పురుగును తిను సాలెపురుగులు, మిత్రకీటకములు నశించును. పోటాకు వచ్చిన పిదప కలుగు నష్టమును పూడ్చు ఆకు మరి రాదు. కావున రైతు శ్రద్ధ అప్పుడు మిక్కుటముగా నుండవలెను.

గింజ గాలినుండి వచ్చినదన్నంతమాత్రమున ఎరువు అక్కరలేదని ఎవ్వరును తలపరాదు. వంటకు సరకులు వేరు, పాత్రలు వేరు. మట్టి యిచ్చునది పాత్రసామగ్రి. పత్రహరితపు అణువొక్కొక్కదాని నడుమ ఒక మెగ్నీషియము పరమాణువును, దాని చుట్టును నాలుగు నత్రజని పరమాణువులును ఉన్నవి. బొగ్గుపులుసు వాయువును పట్టుకొను మాంసకృత్తు, ఆకులోని మాంసకృత్తులన్నింటిలో అధికముగా నుండునది. దానికి నత్రజని మిక్కుటముగా కావలెను. నత్రజని చాలనిచో ముదురాకులు మొదట పసుపుపచ్చనగుట ఇందువలననే. మొక్క ముదురాకులను విప్పి ఆ నత్రజనిని లేతాకులకు తరలించుచున్నది. అట్లని మోతాదు మించినచో ఆకులు దట్టమై ఒకదానినొకటి నీడలో ముంచును, పైరు పడిపోవును, ఆకుముడుత వంటి పురుగులు ఎక్కువగా చేరును. పాత్రలు పెరిగినంత మాత్రమున వంట పెరుగదు. ప్రతి పాత్రకును వెలుగు తగులవలెను. వరుసల నడుమ తగినంత ఎడమిచ్చి నాటుట, కాలిబాటలు తీయుట అందుకొరకే.

ఈ వంటకు ఎదురు నడక దహనము. కట్టె మండినను, అన్నము మన దేహమున అరగినను, ఆకు కలిపినది విడిపోయి బొగ్గుపులుసు వాయువు, నీరు మరల పుట్టుచున్నవి. మనము చేయి కదల్చుటకు అందిన శక్తి ఒకనాడు ఒక ఆకుపై పడిన ఎండ. బొగ్గు, పెట్రోలు, వంటగ్యాసు సయితము కోట్ల సంవత్సరముల క్రిందటి ఎండయే. భూమిలో పూడి నిలిచినది. దానిని త్వరత్వరగా త్రవ్వి కాల్చుట వలన గాలిలో ఆ వాయువు పెరిగినది. 1958లో హవాయి దీవిలో కొలతలు మొదలైనపుడు పది లక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళుండగా, 2024 నాటికి 420 దాటినది. ఆకు వండు వేగమునకు మించి మనము కాల్చుచున్నామని ఈ రెండు అంకెలు చెప్పుచున్నవి. నిలిచిన చెట్టు తన మ్రానులో ఆ వాయువునే కర్రగా బంధించి యుంచును. నరికి కాల్చిననాడు అది మరల గాలిలో కలియును.

పిల్లలు ఆటలో ఆకులు దూయుచున్నపుడు వారిని కేకలు వేయుట పరిపాటి. కేకలు వేయుటకు బదులు ఆ ఆకు ఏమి చేయుచున్నదో చెప్పినచో వారు ఎక్కువకాలము గుర్తుంచుకొందురు. పెరటిలో కరివేపాకు మొక్కకు ఒక్క దినమున ఆకంతయు దూయక కొంత నిలుపుట, చిక్కుడు పాదునకు ఎండ తగులు చోటు చూచి పందిరి వేయుట, పొలములో పోటాకు పచ్చగా నున్నదో లేదో గింజ గట్టిపడువరకు విడువక చూచుట: ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. హైడ్రిల్లా రెమ్మతో పరీక్ష చేసిన పిల్లలు ఎండలో ఎన్ని బుడగలు, నీడలో ఎన్ని బుడగలు లేచినవో తమ పాఠశాలలోని ఉపాధ్యాయులకు చూపవలెనని కోరుచు, శ్రోతలవద్ద సెలవు తీసికొనుచున్నాము.